ముగ్గురికీ ఒకటే ఆదివారం

పెద్దలూ, అక్కచెల్లెళ్ళూ, తమ్ముళ్ళూ! పనులు మానుకుని వచ్చారు. మా ఇంటి తరఫున అందరికీ దణ్ణం. పోయినావిడ మీకు ప్రెస్సక్క, నాకు వదిన. నేను ఏ సంఘంలోనూ లేను కాబట్టి నన్ను మాట్లాడమన్నారు. నా నోటి సంగతి తెలిసే పిలిచారనుకుంటాను.

ఒకటి కడుపులో పెట్టుకుని ఇంకొకటి మాట్లాడడం నాకు చేతకాదు. మా వదిన పోయి వారం తిరక్కుండా మా అచ్చాఫీసుకి అచ్చెయ్యమని మూడు కరపత్రాలు వచ్చాయి. యువజన సంఘం వాళ్ళది ఒకటి, మహిళా సంఘం వాళ్ళది ఒకటి, డ్రైవర్ల సంఘం వాళ్ళది ఒకటి. మూడింట్లోనూ ఒకటే సంగతి. ప్రెస్సక్క జ్ఞాపకార్థం రక్తదాన శిబిరం. మూడూ వచ్చే ఆదివారమే. మా అన్నయ్య అవి చదివి, కళ్ళజోడు తీసి, మిషన్ మీద గుడ్డ కప్పేసి లోపలికి వెళ్ళిపోయాడు. ఆవిడ పోయిన రోజున కూడా మనిషి అంత కుంగిపోలేదు.

ఎందుకో కొత్తగా వచ్చిన పిల్లలకి తెలియదు. పాతవాళ్ళకి తెలుసు, తెలిసీ తలలు దించుకుని కూర్చున్నారు.

చాలా ఏళ్ళ కిందట అచ్చం ఇలాగే జరిగింది. ఇవే మూడు సంఘాలు, ఒకే వీధి, ఒకే ఆదివారం. మూడు మైకులు. దారిన పోయేవాణ్ణి చెయ్యి పట్టుకుని మా దగ్గరికంటే మా దగ్గరికని లాగారు. ఊళ్ళో ఇవ్వగలిగినవాళ్ళంతా ఆ ఒక్కరోజే ఇచ్చేశారు. ఆసుపత్రి వాళ్ళు దాచుకోగలిగినంత దాచి, మిగిలింది పై ఊళ్ళకి పంపేశారు. దాచింది మాత్రం ఎన్నాళ్ళుంటుంది? రెండు నెలలు తిరక్కుండా మా అచ్చాఫీసులో కాగితాలు మడిచే అమ్మాయి కాన్పుకి వెళ్ళింది. రక్తం కావాలన్నారు. మా వదిన ఇల్లిల్లూ తిరిగింది. ఎవరిని అడిగినా ఒకటే మాట, మొన్ననే ఇచ్చాం అక్కా, మూడు నెలలు ఆగాలట. ఒక్కరూ అబద్ధం చెప్పలేదు. బిడ్డ దక్కింది, తల్లి దక్కలేదు.

మా వదిన ఎవరినీ తిట్టలేదు. నేనైతే వీధిలో నిలబెట్టి కడిగేసేదాన్ని. ఆవిడ ఒకటే అంది. “ముగ్గురూ కలిసి వస్తేనే మిషన్ తిప్పుతా.” అంతే. ఎన్ని అలకలు, ఎన్ని బెదిరింపులు! పక్క ఊళ్ళో అచ్చేయించుకుంటామని వెళ్ళినవాళ్ళు కూడా చివరికి మా అరుగెక్కారు. ఒకరి తర్వాత ఒకరు, నెలల ఎడంతో శిబిరాలు పెట్టాలంది ఆవిడ. మొదటి వంతు ఎవరిదని ఒక తగువు. కరపత్రంలో ఎవరి పేరు పైన ఉండాలని ఇంకో తగువు. అప్పుడు మా వదిన మూడు పేర్లూ గుండ్రంగా పేర్చి అచ్చేసింది. “పైనెవరో కిందెవరో కాగితం తిప్పుకుని చూసుకోండి” అంది.

అక్కడితో వదిలిందా? ఒకరి శిబిరంలో మిగతా ఇద్దరూ చాకిరీ చెయ్యాలంది. మన డ్రైవర్ల సంఘం పెద్దాయన యువజన సంఘం శిబిరంలో పళ్ళరసం అందించాల్సి వచ్చింది. నవ్వకండి, ఆయన ఇక్కడే ఉన్నాడు. ముఖం మాడ్చుకుని గ్లాసు ఠక్కున పెట్టేవాడు. అంతలో యువజన సంఘం కుర్రాడొకడు రక్తమిచ్చి లేవబోయి కళ్ళు తిరిగి పడ్డాడు. ఈయన వాణ్ణి నేలకి తగలనివ్వకుండా పట్టుకుని, తల ఒళ్ళో పెట్టుకుని, తన కండువాతోనే విసిరాడు. సాయంత్రం మా వదిన దగ్గరికొచ్చి, మళ్ళీ ఈ పిల్లల వంతు ఎప్పుడమ్మా అని అడిగాడు. అప్పటినుంచీ మొన్నటిదాకా వంతు తప్పలేదు. ఈ ఊళ్ళో రక్తం దొరక్క మరో ప్రాణం పోలేదు.

నేనే ఒకసారి విసుక్కున్నాను, వీళ్ళ పెద్దరికాలన్నీ నీ నెత్తికెందుకు వదినా అని. ఆవిడేమందో వినండి. “చెడ్డవాళ్ళయితే ఎవరికో ఒకరికి ఫిర్యాదు చెయ్యొచ్చు. ఆ పిల్ల ప్రాణం తీసింది మంచివాళ్ళు. ఎవరితో చెప్పుకోను?”

ఇప్పుడు చెప్పండి, నేనెవరితో చెప్పుకోను?

ఎవరికి వాళ్ళు కారణాలు చెప్పారు. మహిళా సంఘం వాళ్ళు, ఆవిడ మా మనిషి అంటారు. యువజన సంఘం వాళ్ళు, డాక్టర్లతో ముందే మాట్లాడేశామంటారు. డ్రైవర్ల సంఘం వాళ్ళు, ఆఖరి ప్రయాణం మా బండిలోనే జరిగిందంటారు. అన్నీ నిజాలే. కానీ ముగ్గురు పట్టిన కుందేళ్ళకీ మూడేసి కాళ్ళే అయితే ఎలా నాయనా?

కిటికీ పక్కన మన దర్జీ గారి కోడలు కూర్చుంది. సిగ్గుపడకు తల్లీ. ఈ పిల్లకి ఒంట్లో రక్తం తక్కువ. వచ్చే నెల దాటాక కాన్పు. ఎందుకైనా మంచిది, ఇచ్చేవాళ్ళని చూసి ఉంచుకోండని డాక్టరమ్మ చెప్పింది. వచ్చే ఆదివారం మీరంతా పోటీలుపడి ఇచ్చేస్తే, ఆ రోజు ఈ పిల్ల మామ ఏ తలుపు తట్టాలి? నాకు భయంగా ఉంది. ఉన్నమాట చెబుతున్నాను. ఆవిడ ఉంటే మిషన్ ఆపేది. నేను ఆపడానికి నా దగ్గర ఏముంది?

ఇప్పుడు మౌనం పాటిద్దాం. ఒక్క నిమిషమని నేను చెప్పను. మూడు సంఘాల్లో రెండు, మా శిబిరం వెనక్కి జరుపుకుంటామని తమంతట తాము అనేదాకా నిలబడదాం. ఎవరు ముందంటే వాళ్ళే మా వదినకి అయినవాళ్ళు. ఎంతసేపైనా సరే, నాకు ఇంటి దగ్గర ఎదురుచూసే వదిన కూడా లేదు.

లేవండి, అందరూ లేవండి.

నువ్వు కూర్చో తల్లీ. మేం నిలబడతాం.