కొండప్ప ఇచ్చిన కరెంటు

పెనుకొండ బస్టాండు పక్కనున్న మారెమ్మ టీ బంకులో కొండప్ప నోరు తెరిచాడంటే, బస్సు ఎక్కాల్సినవాళ్ళు కూడా తర్వాతి బస్సుకు పోదాంలే అని కూలబడిపోతారు. ఆ రోజు మాత్రం అతను ఊరివాళ్ళ కోసం మాట్లాడటం లేదు. బెంచీ చివర టీ గ్లాసు పట్టుకుని కూర్చున్న అశ్విని కోసం మాట్లాడుతున్నాడు. ఆమెది హిందూపురం. ధర్మవరం రోడ్డులో కొత్తగా పెట్టిన ఆటల పార్కుకు మేనేజరు. గుట్టలూ మిట్టలూ ఎక్కే నాలుగు చక్రాల మోటారు బళ్ళు, ఏటీవీలంటారు, ఆ పార్కులో ఉన్నాయి. వాటి రిపేరు పని కొండప్పకు ఇవ్వాలా, బెంగుళూరు నుంచి మెకానిక్‌ను పిలిపించాలా అన్నది తేల్చుకోవడానికే వచ్చింది.

ఊళ్ళో కరెంటు స్కూటర్లు పెరిగాక కొండప్ప మెకానిక్ షెడ్డుకు వచ్చే బళ్ళు పలచబడ్డాయి. ఖాళీ షెడ్డులో పానా చేతబట్టుకుని ఈగలు తోలుకోవడమంటే అతనికి ప్రాణం పోయినట్టే ఉంటుంది. అందుకే ఈ పని కావాలి, ఎట్లాగైనా కావాలి.

"ఏమప్పా, ఆ బళ్ళు ఎప్పుడన్నా ముట్టుకున్యావా?" అంది మారెమ్మ, పాలు పొంగకుండా గరిటె తిప్పుతూ.

"పెద్దగా ఏం లేదులే మారెమ్మా," అన్నాడు కొండప్ప, తువ్వాలు దులిపి భుజాన వేసుకుంటూ. "మొన్న గుడిబండ కాడ రఘునాథ్ సారు తోటలో ఏటీవీ ఆగిపోయింటే, పోయి స్టార్ట్ చేసి వచ్చినా. అంతే. చిన్న పని."

చిన్న పని అన్న మాట ఎంత వినయంగా అన్నాడంటే, అది చాలా పెద్ద పనే అయ్యుంటుందని అందరికీ తెలిసిపోయింది.

"ఎట్ల చేసినారన్నా?" అడిగింది అశ్విని.

"బటన్ ఒత్తితే బండి ఉలకదు, పలకదు మేడం. ఇంగొకడైతే బండంతా ఇప్పి కుప్ప పోస్తాడు. నేను ప్లగ్గు ఒకటే ఇప్పి వాసన చూసినా. పెట్రోలు వాసన వస్తాండాది. అంటే పెట్రోలు సరిగ్గానే వస్తాండాది, నిప్పే రాలేదు. సరే అని బ్యాటరీ వైరు నాలుక మీద పెట్టినా. పన్నెండున్నర వోల్టు! సారు మీటరు పెట్టి చూస్తే పన్నెండే చూపించింది. 'సార్, మీ మీటరు తప్పు' అన్యా. ఆయప్ప నిలబడినపళంగా ఆ మీటరు తీసి బావిలో పారేసినాడు."

"అబ్బో!" అంది మారెమ్మ.

"ఫ్యూజు కాలిపోయిండాది. తోటలో కొత్త ఫ్యూజు యాడ దొరుకుతాది? నా తలవెంట్రుక ఒకటి పీకి పెట్టినా."

"వెంట్రుకలో కరెంటు పోతాదా?"

"ఎవుని వెంట్రుకో పెడితే పోదు మారెమ్మా. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ప్లగ్గును ఇంజన్‌కు ఆనించి బటన్ ఒత్తితే లేసింది సూడు నిప్పు, నీలంగా, ఇంత పొడుగున! తోటలో కూలోళ్ళ నోట్లో ఉండే బీడీలన్నీ ఒకేసారి అంటుకున్యాయి. మడకశిరలో ఒకామె ఎసరు పెట్టి అగ్గిపెట్టె వెతుకుతాంటే, పొయ్యి దానంతట అదే అంటుకుందంట. నా పేరు చెప్తే ఇప్పటికీ దండం పెడతాది."

అశ్విని పెదవి చివర నవ్వు కనబడింది. ఆ నవ్వు చూసి కొండప్పకు ఏనుగంత బలం వచ్చింది.

"బండి లేసింది గానీ మేడం, కరెంటు ఎక్కువైపోయి దిగనంటాది. ఆ పొద్దు ఊర్లో కరెంటు లేక చెనిక్కాయ చేలు ఎండిపోతాండాయి. రెండు వైర్లు లాగి బోరు మోటారుకు తగిలిచ్చినా. ఒక బోరా రెండు బోర్లా, మండలంలో బోర్లన్నీ పోసినాయి. నీళ్ళు లేని బోర్లు కూడా సిగ్గుపడి పోసినాయి!"

సరిగ్గా అప్పుడే, కంబళి కప్పుకున్న మనిషొకడు బంకులోకి వచ్చి టీ అడిగాడు. కొండప్ప అతన్ని చూడగానే గుర్తుపట్టాడు. గుడిబండలో రఘునాథ్ తోట పక్కన గొర్రెలు మేపే పుల్లన్న. ఆ రోజు జరిగిందంతా కళ్ళారా చూసిన మనిషి. కథ ఒక్క క్షణం ఆగితే పుల్లన్న నోరు తెరుస్తాడు. అందుకని కొండప్ప ఊపిరి కూడా తీసుకోకుండా అందుకున్నాడు.

"అంతలో ధర్మవరం పక్క రైలు ఆగిపోయిందని ఫోన్..."

"నీకెందుకు చేసినారప్పా?" అంది మారెమ్మ.

"ఇంగెవురికి చేస్తారు? ఏటీవీని రైలు పక్కనే ఉరికిస్తా ఒక వైరు ఇంజన్‌కు ఇచ్చినా. ఏం వేగమది! డ్రైవరు బ్రేకు వేస్తే డబ్బాలు ఆగినాయి గానీ, లోపల నిద్రపోతాండే జనాలు కలలోనే గుంతకల్లు దాటిపోయినారు. వస్తావస్తా చూస్తే, గాలి లేక గాలిమరలన్నీ నిలబడిపోయిండాయి. గాలి వస్తే అవి కరెంటు ఇస్తాయి గదా, మరి కరెంటు ఇస్తే గాలి రావాల గదా? తగిలిచ్చినా! తిరిగినాయి మేడం, గిర్రున తిరిగినాయి! గాలి లేసింది, కర్ణాటకకు పోతాండే మబ్బులన్నీ ఎనక్కి తిరిగినాయి, ఈడ్నుంచి నల్లచెరువు దాకా ఒకటే వాన! అవ్వలు వీధిలోకొచ్చి తడిసినారు, 'కొండప్పా, ఇది నువ్వు ఇచ్చిన వాన' అని ఏడ్చినారు..."

చెబుతూ చెబుతూ కొండప్పకే కళ్ళు చెమర్చాయి. ఆ క్షణం అతను నిజంగానే నమ్మాడు. మబ్బు మొహం చూసి ఎన్నాళ్ళయిందో ఆ ఊళ్ళో, వాన అన్న మాటకు బంకులో అందరూ తలెత్తి ఆకాశం వైపు చూశారు.

పుల్లన్న టీ గ్లాసు కింద పెట్టాడు.

"వాన సంగతి నాకు తెల్దు గానీ, బండి లేసింది మాత్రం మా గొర్రె వల్ల," అన్నాడు.

"గొర్రేంది పుల్లన్నా?" అంది మారెమ్మ.

"సారు ఆ పొద్దు బెంగుళూరులో ఉండాడు. ఈయప్ప ఫోన్ చేస్తే 'కిల్ స్విచ్ చూడప్పా' అన్యాడంట. హ్యాండిల్ మీద ఇంజన్ ఆపే ఎర్ర బొత్తాం ఉంటాది సూడు, అది. మా పక్క కన్నడంలో తాళంచెవిని కీలి అంటారు గదా, ఈయప్పకు అది 'కీలి స్విచ్' అని వినబడింది. ఇంగేముంది, తాళంచెవి పెట్టే స్విచ్చి ఊడబీకినాడు, ఆ వైర్లు పట్టుకుని బండంతా ఇప్పినాడు. మళ్ళా అన్నీ బిగించి బటన్ ఒత్తుతాంటే, మా గొర్రె వచ్చి హ్యాండిల్‌కు మూతి రుద్దింది. ఎర్ర బొత్తాం టక్కుమనింది, బండి గుర్రుమనింది. మాపటికి సారు వచ్చి ఇదంతా చెప్పి ఒకటే నవ్వు."

బంకు ఎగిరిపోయేలా నవ్వారు. మారెమ్మ నవ్వాపుకోలేక గరిటె వదిలేసింది, పాలు పొంగిపోయాయి. కొండప్ప చెవులు ఎర్రబడ్డాయి. పని పోయిందనుకున్నాడు. ఖాళీ షెడ్డు కళ్ళ ముందు కదిలింది.

అశ్విని మాత్రం నవ్వలేదు. "ఊడబీకిన వైర్లన్నీ ఈయన ఒక్కరే కలిపినారా?" అని పుల్లన్నను అడిగింది.

"ఇంగెవురు కలుపుతారమ్మా?"

"గొర్రె బొత్తాం ఒత్తగానే లేసిందా?"

"ఒక్క దెబ్బకే."

"మా పార్కుకు ఇంతకుముందు వచ్చిన మెకానిక్ పీకిన వైర్లు ఇంకా ఏలాడతానే ఉండాయి," అంది అశ్విని.

కొండప్పకు పోయిన ప్రాణం లేచొచ్చింది. తువ్వాలు మళ్ళీ దులిపి భుజాన వేసుకుని, ఛాతీ విరుచుకుని అడిగాడు:

"ఆ గొర్రెకు పని నేర్పిందెవురనుకుంటాండారు మేడం?"

అశ్విని లేచి నిలబడింది. "సరేన్నా, రేపు పొద్దున్నే ఇద్దరూ పనిలోకి వచ్చేయండి."

"ఇద్దరంటే? నేనూ, పుల్లన్నా?"

"కాదన్నా. మీరూ, ఆ గొర్రే."