పదిహేడో కుప్ప తిన్న మేక

కూర్చో పద్మప్రియమ్మా. రెండు దినాల నుంచి మన కల్లూరు వీధిలో అవుపడకపోతివే, యాడికి పోయింటివి? ట్రైనింగా? కొత్తగా చేరిన సైంటిస్టులకు నిజాయితీ నేర్పిస్తారా! తెర మీద బొమ్మలేసి, మధ్యాన్నం భోజనం పెట్టి? శానా మంచి పని. మా కాలంలో భోజనం లేదు, అందుకే నాకు అబ్బలేదేమో. నవ్వాకు, నిజంగానే చెప్తాండా. నందికొట్కూరు దావలో పరిశోధన పొలంలో ముప్పయ్యేండ్లు ఫీల్డుమ్యాన్‌గా చేసినోన్ని నేను. ఆడ నాకు ట్రైనింగిచ్చింది లేవి అనే మనిషి. ఏ కాలేజీ ప్రొఫెసరా అంటావా? ప్రొఫెసరు కాదమ్మా, మా పొలం కావలి మనిషి. పోయి శానా ఏండ్లాయ.

డెబ్బై నాలుగో, అయిదో సంవత్సరం. ఇరవై రకాల శెనక్కాయలు, రకానికొక మడి. చెట్లు పీకి ఏ మడివి ఆ మడికి కుప్పేసి ఎండబెట్టింటిమి. తూకమేసే పొద్దు పోయి చూస్తే లేవి తలకాయ పట్టుకోని కూర్చోనుండాడు. 'అప్పా, నా మేక తాడు తెంపుకోని పదిహేడో కుప్ప తినేసిండాది' అనె. కాయ లేదు, ఆకు లేదు. మేక మాత్రం పండుకోని నెమరేస్తాండాది, దానికేం దిగులు! 'గమ్మునుండు లేవీ, తెలిస్తే నీ పని పోతాది, ముగ్గురు బిడ్డలుండారు' అని, నేనే ధర్మాత్మున్ని మాదిరి పదహారో కుప్పలో కొన్ని, పద్దెనిమిదిలో కొన్ని కాయలు తీసి పదిహేడో నంబరు సంచి నింపితి. చేసేదేదో సక్కగా చేయాల గదా, గట్టికాయలు ఏరి మరీ మూతి దాకా నింపితి. అదమ్మా నా తెలివి! తూకమేస్తే ఏమాయ? మేక తిన్న మడే ఇరవైట్లో మొదటొచ్చె.

పెద్ద సారు సంతోషానికి పట్టపగ్గాల్లేవు. 'ఈ ఇత్తనమే వచ్చే ఏడు రైతులకిస్తాం' అని నా వీపు తట్టె. 'అంతా మీ దయ సార్' అంటి. అప్పుడు లేవి తువ్వాలు సంకలో పెట్టుకోని ముందుకొచ్చె. నేను సైగ చేస్తాండా, దగ్గుతాండా. 'మందేసుకోవయ్యా' అన్నాడు సారు. లేవి ఆగలా. 'సార్, పదిహేడు నా మేక తినింది. ఆ కాయలు దానివి కావు. మా చిన్నాయనోళ్లు గూడా నమ్మి ఏసుకుంటారు సార్ ఈ ఇత్తనం' అనె. సారు మొగం మాడిపాయ. 'మరి సంచి నింపిందెవరు?' లేవి నా దిక్కు చూసె. నేను నా చెప్పుల దిక్కు చూస్తి. 'నా మేక సంగతి నేను చెప్తి సార్. ఆ సంగతి చేసినోళ్లు చెప్తారు' అనె.

సారు ఆ మడిని కాగితంలో కొట్టేసె, లేవిని పనిలోంచి కొట్టేసె. డోన్‌లో గూడ్సు బండ్లకు మూటలెత్తి ఎత్తి ఆడనే పోయినాడంట. నాకు రిటైరయ్యే దినం శాలువా కప్పి, 'నిజాయితీకి మారుపేరు' అన్నారు. ఫోటో గూడా ఉండాది లోపల.

ఆఁ? చేసినోళ్లు చెప్పినారా అంటావా? ఏందదీ, రాసుకుంటాండావా? మీ ట్రైనింగోళ్లకు చెప్తావా? చెప్పు, చెప్పు, మంచిదే. లేవి పేరు పెట్టే చెప్పు, దాయాకు. ఆ ఫీల్డుమ్యాన్ పేరా...

కరెంటు పోయిందేమో చూడమ్మా, ఒకటే ఉక్కపోస్తాండాది. ఏమీ... ఫ్యాను తిరుగుతానే ఉండాదా?