బురదకి ఊపిరి పోసే పురుగులు

శరభయ్య నోరు తెరిచేడంటే రమణమ్మ కొట్లో టీ గ్లాసులు చల్లారిపోవాల్సిందే. రాజోలు అవతల, పాయ ఒడ్డున ఉన్న కొట్టు అది. ఎనభై మూడో సంవత్సరం, ముసురు పట్టి మూడు రోజులైంది. బల్ల చివర ముత్యాలు ఖాళీ బుట్ట ఒళ్ళో పెట్టుకుని కూచుంది. పొద్దున్న పోటు తగ్గి నీళ్ళు పాటు తియ్యగానే కూర గుల్లలు ఏరి అమ్ముకోవడానికి పాయలోకి దిగితే, చేతికొచ్చినవన్నీ నోళ్ళు తెరుచుకుని చచ్చినవే. కాలు పెట్టిన చోటల్లా నల్లటి బురద, మురిగిన గుడ్డు కంపు. కువైట్‌కి ఇంటిపని మనుషుల్ని పంపే బాబూరావు సాయంత్రానికి మాట చెప్పమన్నాడు. పాస్‌పోర్టు ఫొటోలు ఆమె రవికెలో ఉన్నాయి. గుల్లలు మళ్ళీ పడతాయని ఎవరైనా అంటే వాటిని చింపి పాయలో పారేద్దామని ఉంది. నాలుగేళ్ళ కూతుర్ని వదిలి పోవడం ఏ తల్లికి ఇష్టం?

శరభయ్య మొదట చిన్నగానే ఎత్తుకున్నాడు. కిందటేడు యూనివర్సిటీ వాళ్ళొచ్చి నీళ్ళడుగు బురద తీసుకెళ్ళినప్పుడు పడవ తనదే. అంతవరకు నిజం, అందరూ చూసేరు.

"మన ఒడ్డున ఏమీ దొరక్క, పాయ సముద్రంలో కలిసే మొగ దాకా పోయేమండి. అక్కడ ప్రొఫెసరు గారు గొట్టంతో బురద తీసేరు. అంతా కాటుక నలుపు, గేలానికి గుచ్చే ఎరపురుగు ఉంటుంది చూడండి, దాని బొరియ చుట్టూ మాత్రం ఇటుక రంగు. ఎందుకో తెలుసా? పురుగు ఒళ్ళు ఆడించి పైనీళ్ళు బొరియలోకి లాగుద్దండి. నీళ్ళతో పాటు గాలి దిగుద్ది. ఆ గాలికి బురదలో ఇనుము తుప్పుపట్టి రంగు మారుద్ది, కంపు విషం విరిగిపోద్ది. ఆయన నాకు చెప్పేరనుకునేరు, నేనే ఆయనకి చెప్పేనండి."

"ఆయ్," అన్నాడు పక్కన కూచున్న మాణిక్యాలరావు, బీడీ వెలిగించుకుంటూ.

ఆ తర్వాత ఏమైందో తెలుసా అని మొదలెట్టి ఇక ఆగలేదు శరభయ్య. జానెడు పురుగుని చూసి ప్రొఫెసరు మురిసిపోతుంటే తనకి నవ్వొచ్చిందట. తనే మునిగి, కొబ్బరి మోకంత పురుగుని తోక పట్టుకుని లాగేడట, లాగి లాగి పడవ నిండా చుట్టలు చుట్టినా అది తెమల్లేదట, తీరా చూస్తే దాని తల ద్రాక్షారామం కింద ఉందట.

"అంత దూరం పోయినవాడివి దర్శనం చేసుకు రాకపోయేవా," అన్నాడు మాణిక్యాలరావు.

"చేసుకున్నానండి, బొరియలోంచే వెళ్ళి బొరియలోంచే వచ్చేను. అది ఒక్క ఊపిరి పీలిస్తే నిండు పోటు మీదున్న పాయ మోకాల్లోతైపోయింది. వదిల్తే ఆ గాలికి మండపేట మిల్లుల్లో తడిసిన ధాన్యం ఆరిపోయింది. బొరియ పొడుగునా బురద ఇటుకైపోతే, బట్టీ పెట్టకుండానే తెచ్చి ఇల్లు కట్టేసుకున్నాను."

అతనిది తాటాకిల్లని తెలిసి కూడా అందరూ నవ్వేరు. ముత్యాలుకి నవ్వు రాలేదు. ఆమె మనసు గాలి మాట దగ్గరే ఆగిపోయింది.

"బాబాయ్, పురుగులుంటేనే బురదకి గాలి అందుద్దా?"

"అంతేనమ్మా. అవి లేకపోతే విషం పైకి ఎగదన్ని గుల్లలు ఊపిరాడక చస్తాయి. నాకు చిన్నప్పట్నుంచీ తెలుసు."

"తెలుసా?" ఆమె గొంతు పెరగలేదు. "మూడేళ్ళ కిందట ఇదే బల్ల మీద కూచుని, పురుగులు గుల్లల్ని తినేస్తున్నాయని చెప్పేవు. గుల్ల నోట్లో దూరి మాంసం జుర్రుకుంటుంటే కళ్ళారా చూసేనన్నావు. గేలాలకి ఎరా దొరుకుద్ది, గుల్లలూ బాగుపడతాయని ఊరంతా పలుగులు పట్టుకుని పాటు పాటుకీ తవ్వేం. ఒక్క పురుగుని మిగల్చలేదు. బుట్టలు బుట్టలు నేనే మోసేను. నీ మాటల్లో మేం నమ్మింది అదొక్కటే బాబాయ్."

బీడీ కాలుతున్నా మాణిక్యాలరావు నోట పెట్టుకోలేదు. ముసురు నీళ్ళు చూరు మీంచి కారుతున్నాయి.

"నవ్వుతారని అన్నానమ్మా," అన్నాడు శరభయ్య.

ముత్యాలుకి కోపం రాలేదు, ఏడుపొచ్చింది. ఆ పలుగు పట్టిన చేతుల్లో తన చేతులూ ఉన్నాయి మరి.

"పోనీ, ఇంకొక్క కోత కొయ్యి. వచ్చే ఏటికి పురుగులొస్తాయని, గుల్లలు పడతాయని చెప్పు. నమ్ముతాను."

శరభయ్య నోరు తెరిచేడు. పాయకేసి చూసేడు. తల దించుకున్నాడు. అతని నోట మాట రాకపోవడం ఆ కొట్లో అంతకుముందు ఎవరూ ఎరగరు.

 ముత్యాలు లేచి, ఖాళీ బుట్ట రమణమ్మ పొయ్యి పక్కన పెట్టింది. "బొగ్గులేసుకోవడానికి పనికొస్తుంది, ఉంచుకో అక్కా," అంది. ఫొటోలు తడవకుండా కొంగు నిండా కప్పుకుని, వానలో బాబూరావు ఇంటికేసి నడిచింది.