అత్తగారి మంచం, రాగి లూపు

నాంచారి అని ఒకతె ఉండేది. తాటిచెట్లు గీసే బసవయ్య పెళ్ళాం. ఆగండి, ముందే ఒక మాట చెప్పాలి. నేను ఇదివరకు ఏదీ రాసి ఎరగను, ఐదో తరగతితోనే బడి మానేశా. మిరపకాయల తొడిమలు తీసేకాడ కూర్చుని నలుగురికీ చెప్పే కథని మా అంగన్‌వాడీ టీచరమ్మ కాయితం మీద పెట్టమంది. మనుషుల మొహం చూస్తే నాకు మాట తడబడుద్ది, కాయితానికి కళ్ళుండవు గదా అని ఒప్పుకున్నా. ఎట్టా చెప్తానో అట్టానే రాస్తన్నా.

ఆ నాంచారికి ముగ్గురు పిల్లలు. మూడోదాన్ని కనేటప్పుడు ఏమైందంటే, బీపీ పెరిగి ఫిట్సొచ్చి మూడు రోజులు కన్ను తెరవలేదంట. ఇంకో కాన్పంటే మనిషి దక్కదని డాక్టరమ్మ గట్టిగా చెప్పి పంపింది. నీ బీపీకి పిల్లలు పుట్టకుండా వేసుకునే మాత్రలు కూడా పడవమ్మా అనింది. పిల్లకి ఏడాది దాటింది, నాంచారికి భయం పట్టుకుంది. సబ్‌సెంటర్లో కరుణ సిస్టరుందే, ఆమె దగ్గరికి పోయి, గోడ వైపు తిరిగి అడిగిందంట సిగ్గుతో. సిస్టరు మూడు దారులు చెప్పింది. నీకు ఆపరేషనన్నా చేయొచ్చు, మీ ఆయనకి కోత లేకుండా చిన్న ఆపరేషనన్నా చేయొచ్చు, లేకపోతే గర్భసంచిలో పెట్టే రాగి లూపు వేయించుకో, పదేళ్ళు చూసుకోనక్కర్లా, వద్దనుకుంటే ఎప్పుడైనా తీయించుకోవచ్చు. మొదట్లో మూణ్ణాలుగు నెలలు బయట చేరినప్పుడు కాస్త ఎక్కువ పోద్ది, నొప్పి ఉంటది, అదీ దాచకుండా చెప్పింది. నాంచారికి లూపు మీద మనసు పోయింది. ఆ మూడు రోజుల తర్వాత కత్తి కింద పడుకునే ధైర్యం లేదు పాపం.

ఇంటికొచ్చి అత్తకి చెప్పింది. అత్త పేరు రవణమ్మ. మాట ఆవిడది, ఇల్లూ ఆవిడదే అనుకో. ముందు మొగుడి ఆపరేషన్ మాట ఎత్తిందో లేదో, "నా కొడుక్కా? చెట్టుకీ నడుముకీ మోకు చుట్టుకుని ఎక్కేవాడికి నడుమే గదటే ఆస్తి. ఆ నరం కోస్తే నడుం జారుద్ది, వాడు చెట్టు మీంచి జారతాడు" అనింది. బసవయ్య అప్పుడే నడుం పట్టుకు చూసుకున్నాడంట. సరే నేనే చేయించుకుంటా అంటే, "నువ్వు మంచానపడితే కల్లు కుండలు ఎవరు మోస్తారు, నేనా?" అనింది. పోనీ రాగి లూపు అంటే, రవణమ్మ చెవులు మూసుకుంది. "కడుపులో రాగి పెట్టుకుని చేలో తిరుగుతావా? ఉరుమొస్తే పిడుగు వెతుక్కుంటా వచ్చి పడుద్ది."

ఇక్కడ మీకో సంగతి చెప్పాలి. రవణమ్మ చేతికి ఇరవై ఏళ్ళుగా రాగి కడియం ఉంది, మోకాళ్ళ నొప్పులకి. చిటికెన వేలంత లావు. నాంచారి అది చూసింది, నోటిదాకా వచ్చిన మాట మింగేసింది. అత్తని మాటతో గెలిస్తే పంతం పెరుగుద్ది, పని కాదు. అది దానికి తెలుసు. అందుకని తల వంచుకుని మెల్లగా ఏమనిందంటే, "మూడు దారులూ నువ్వే మూసేశావు అత్తా. ఇంక నాలుగోది ఒకటే ఉంది."

"ఏందది?"

"నువ్వే" అని, వసారాలో ఉన్న అత్త నులకమంచం ఈడ్చుకొచ్చి గది మధ్యలో వేసింది. "ఇటు నేనూ పిల్లలూ, అటు నీ కొడుకు, నడుమ నువ్వు. కోత లేదు, రాగి లేదు" అనింది. రవణమ్మకి రోషమొచ్చి, "ఆ మాత్రం కాపలా కాయలేనా" అని మంచమెక్కింది.

అనిందేగాని, పట్టుమని పది రోజులు కాలేదు, మొహం పీక్కుపోయింది. ఇటు పిల్లల ఏడుపు, అటు కొడుకు గురక, పోనీ కన్నంటిందా అంటే గురక ఆగుద్ది, ఆగితే ఇంకా భయం. బసవయ్య సంగతి చెప్పక్కర్లా. చెట్ల కింద కల్లు తాగేవాళ్ళు, "ఏం బసవా, మీ ఇంట్లో కంచె గట్టిగా వేశారంటగా" అంటంటే, దిగాల్సినవాడు కూడా దిగకుండా చెట్టు మీదే కూర్చునేవాడంట.

ఇట్టా ఉండగా రవణమ్మ కూతురి ఊళ్ళో అంకమ్మ కొలుపులొచ్చాయి. ఐదు రోజుల జాతర. ఏ ఏడూ మానదు ఆవిడ. చీరలు మూట కట్టుకుంటంటే నాంచారి గుమ్మంలో నిలబడింది. "నువ్వు పోతే ఎట్టా అత్తా?"

"ఐదు రోజుల్లో ఏం మునుగుద్దే?"

"ముందటేడు కొలుపులకి పోయావు గదా. నువ్వు తిరిగొచ్చేసరికే గదా నాకు మూడోది నిలిచింది."

రవణమ్మకి నవ్వొచ్చింది, ఆపుకుంది. నాంచారి మాత్రం నవ్వలా. "ఎగతాళికి కాదత్తా. ఆ మూడు రోజులూ తడిగుడ్డతో నా పెదాలు తడిపింది నువ్వే గదా. మళ్ళీ అట్టా అయితే ఈ ముగ్గురికీ నువ్వే వండి పెట్టాలి, ఈ మోకాళ్ళతో." రవణమ్మ మూట విప్పలా, కట్టలా. చెప్పులేసుకుని, "నడువు, ఆ సిస్టర్నే అడుగుదాం" అనింది.

సిస్టరు పిడుగు మాట విని నవ్వలేదు, మంచి మనిషి. చేతి కడియం చూసి మాత్రం అడిగింది. "ఇంత రాగి వేసుకుని తిరుగుతున్నావు గదా పెద్దమ్మా, నీ మీద ఎన్ని పిడుగులు పడ్డాయి?"

"నాది పాత రాగి" అనింది రవణమ్మ. అనేసి, కోడలి మొహం చూసి, తనే పకపకా నవ్వింది. సిస్టరు వాళ్ళిద్దర్నీ పెద్దాసుపత్రికి తీసుకుపోయింది. డాక్టరమ్మ పరీక్ష చేసి అదే రోజు లూపు వేసింది. ఆ కాసేపూ రవణమ్మ గుమ్మం ముందు కూర్చుని ఒక్కర్నీ లోపలికి పోనివ్వలేదంట, నర్సుల్ని కూడా.

ఆ సాయంత్రం, చూడండి విడ్డూరం, నిజంగానే మబ్బేసి ఉరిమింది. రవణమ్మ ఒక చేత్తో కోడల్ని గట్టిగా పట్టుకుని, రెండో చేతి కడియం పళ్ళతో లాగి బియ్యం డబ్బాలో దాచింది. తెల్లార్లూ వాన కురిసింది, ఎవరికీ ఏం కాలా. కొలుపుల మూట మాత్రం గుమ్మం దగ్గర సిద్ధంగా ఉంది.

పొద్దున్నే నాంచారి అందరికంటే ముందు లేచింది. నిద్రపోయే అత్తని లేపి, చేతికి టీ గ్లాసిచ్చి పొయ్యి దగ్గర కూర్చోబెట్టింది. నులకమంచం ఎత్తుకెళ్ళి వసారాలో వేసింది. బియ్యంలోంచి కడియం తీసి, తుడిచి, అత్త చేతికి తొడిగింది. ఆ తర్వాత లోపలికొచ్చి, మంచం ఉన్న చోట శుభ్రంగా ఊడ్చి, మొగుడిదీ తనదీ రెండు చాపలూ పక్కపక్కనే పరిచింది.