ఎక్కడ నిలబడి పిలిస్తే అక్కడ

“పెన్సిలూ!” అని ఇంకోసారి కేకెయ్యకండి సార్. వినబడింది ఆమెకి. మొహం కడుక్కుంటోంది, వచ్చేస్తుంది.

ఈలోపు నా మాటొకటి వినండి. తలుపు వెయ్యనా? సరే, తెరిచే ఉంచుతాను.

ఆమెని ఉద్యోగంలోంచి తీసేసే కాగితం మీద సంతకం అప్పుడే పెట్టేశారా? పెట్టలేదు కదా. పెన్నుకి మూత పెట్టండి సార్, కాసేపు.

నర్సు గారి పెళ్లి ఫొటోలు ఆరువందలు పోయిన మాట నిజమే. కెమెరా కార్డు అప్పటికే తుడిచేసి ఇంకో షూటింగుకి పంపేశాం, అదీ నిజమే. ఆమె కంప్యూటర్లోంచే పోయాయి. కాదనను. కానీ మొన్న ఒంటిగంట నుంచి రెండింటి దాకా ఆమె స్టూడియోలోనే లేదు. వాళ్లమ్మకి కళ్లద్దాలు మార్పించడానికి మిమ్మల్నడిగే వెళ్లింది. అవి పోయింది ఆ గంటలోనే.

నాకెలా తెలుసంటారా? వస్తున్నా సార్, అక్కడికే వస్తున్నా.

స్క్రిప్టు అని ఒకటుంటుంది. పది లైన్లు రాసి పెడితే కంప్యూటరే గడగడా పని చేసేస్తుంది. నెట్‌లో చూసి నేర్చుకున్నా. నా చదువు సంగతి మీకు తెలుసుగా. మన రఫ్ ఫోల్డర్లో పనికిరాని ఫొటోలు కొండలా పేరుకున్నాయి. అవి తుడవడానికే ఆమెకి రోజూ గంటన్నర పడుతోంది. మెడ పట్టేస్తే ముడిలో గుచ్చుకున్న పెన్సిలు తీసి, దాంతోనే మెల్లగా రుద్దుకుంటుంది. జుట్టంతా భుజం మీదికి జారుతుంది. మీరు చూశారో లేదో. నేను చూశాను.

అందుకే రాశాను. తను తిరిగొచ్చేసరికి పనైపోయి ఉండాలి, ఓసారి నవ్వుకోవాలి. అంతకంటే ఏమీ కోరలేదు.

దాన్లో ఫోల్డరు పూర్తి అడ్రసు రాయలేదు సార్. ‘ఇక్కడ ఫొటోలు అనే ఫోల్డరుంటుంది, ఖాళీ చెయ్యి’ అన్నట్టు రాశాను. స్క్రిప్టుని రఫ్‌లోనే పెట్టాను కదా, దానికి ఇక్కడ అంటే రఫ్ అనుకున్నాను. తనుండే ఇల్లు తనకి తెలీదా అనుకున్నాను.

తెలీదు. మనం ఎక్కడ నిలబడి పిలిస్తే దానికి అదే ‘ఇక్కడ’. ఆమె తెర మీద నర్సు గారి పెళ్లి తెరిచి ఉంది. నేను అక్కణ్ణించే స్క్రిప్టుని పిలిచి నడిపాను. అక్కడా ఉంది, ఫొటోలు అనే ఫోల్డరు. ప్రతి పెళ్లికీ ఉంటుంది. మీరు పెట్టిన పద్ధతే.

నాలుగు సెకన్లు పట్టింది. కంప్యూటర్లో చెత్తబుట్టలోకి కూడా వెళ్లలేదు, వెతికాను.

రెండ్రోజులు నోట్లో ఏం పెట్టుకున్నావంటారా? చెబుదామనే వెళ్లాను సార్. ఆమె నన్ను చూసి, తను సరదాగా పెట్టిన పేరుతోనే, “కవిగారూ, ఇంతమందిలో నువ్వొక్కడివే నన్ను నమ్మావు” అంది. అది విని వెనక్కొచ్చేశాను. నమ్మడానికేముంది? నాకు తెలుసు కదా.

అదిగో, వచ్చింది. ఆమెని బయటికి వెళ్లమనకండి. రెండోసారి చెప్పే ధైర్యం నాకుండదు.

ఇలా చూడు. ఆ మధ్యాహ్నం నీ కుర్చీలో కూర్చున్నది నేను. ఫొటోలు తుడిచేసింది నేనే.