ప్రైమస్ గెయిలార్డ్ కుడి చెయ్యి

అయ్యలారా, అమ్మలారా, లోపల చోటు చాలక చర్చి వాకిట్లో చలికి నిలబడ్డ బిడ్డలారా, మీ అందరికీ వందనం. ఇంతమంది వస్తారని నేననుకోలేదు. వెళ్ళొద్దని బెదిరించడానికి మీలో ఎవరెవరి గుమ్మాల ముందు గుర్రాలు ఆగాయో నాకు తెలుసు. అయినా వచ్చారు. మా తమ్ముడు ప్రైమస్ కోసం వచ్చారు. ఈ అక్క మీకు రుణపడి ఉంటుంది.

రోడ్డు అవతల గుర్రాలమీద కూర్చున్న తెల్లదొరల పార్టీ ఎర్రచొక్కాల పెద్దమనుషులక్కూడా వందనం. లోపలికి రండి బాబూ, బల్లమీద చోటిస్తాం. రారా? సరే, మీ ఇష్టం. కిటికీలు తెరిచే ఉంచాం, అక్కణ్ణుంచే వినండి.

పాస్టరు గారు నన్ను పక్కకి పిలిచి, "హాగరక్కా, కడుపుమంటలో ఉన్నావు, నాలుగు మెత్తటి మాటలు చెప్పి కూర్చో" అన్నారు. పాస్టరు గారంటే నాకు గౌరవమే. కానీ నా దగ్గర మెత్తటి మాటల్లేవు. మా తమ్ముడు చనిపోలేదు, వాణ్ణి చంపేశారు. తూము తలుపు ఎత్తడానికి వంగినవాణ్ణి వెనకనుంచి కాల్చారు. పడ్డవాణ్ణి బూటుకాళ్ళతో తొక్కారు. అప్పటికీ కసి తీరలేదు. కుడి చెయ్యి మణికట్టు దాకా నరికి పట్టుకుపోయారు. మొన్న మనం పూడ్చిన పెట్టెలో ఆ చెయ్యి లేదు.

ఇది బినా ముందు చెప్పొచ్చా అని గొణుగుతున్నారు కొందరు. ఎందుకు చెప్పకూడదు? ఆ మొండి మణికట్టుకి తెల్లగుడ్డ చుట్టింది బినాయే. భార్య కళ్ళారా చూసింది, మీరు చెవులారా వినలేరా?

ఎందుకు నరికారు? ఆ చేతికి ఉంగరం ఉందా? ఆ చేతిలో తుపాకీ ఉందా? ఏముందని నరికారు? అది చెప్పడానికే లేచాను. చెప్పేదాకా కూర్చోను.

ప్రైమస్ మీలో సగంమందికి తూము కాపరిగా తెలుసు. నదికి పోటు వచ్చినప్పుడు వరి మళ్ళకి నీళ్ళు వదిలేవాడు, ఉప్పునీళ్ళు ఎగదన్నితే తలుపు మూసేవాడు. నాకైతే మా అమ్మని అమ్మేసిన రోజు నా గౌను అంచు పట్టుకుని వదలని పిల్లాడు. బానిసత్వం పోయి పదమూడేళ్ళయింది. ఈ పదమూడేళ్ళలో ఒక్క ఎన్నికకి కూడా వాడు ఇంట్లో కూర్చోలేదు. మన పేట పార్టీ సంఘానికి వాణ్ణే పెద్దని చేసుకున్నాం. ఎందుకు? గొంతు పెద్దదనా? గొంతు నాది పెద్దది. వాడికి కోపం కంటే ఆలోచన ముందొచ్చేది, అందుకు.

సిపియో మామా, అక్కడ పొయ్యి పక్కన తలదించుకుని కూర్చున్నావు. నీ మాట చెప్పక తప్పదు, ఏమీ అనుకోకు. పోయిన వేసవిలో నువ్వు పిండిబస్తాకి ఆశపడి ఎర్రచొక్కా తొడుక్కుని వాళ్ళ ఊరేగింపులో నడిచావు. మీ ఆవిడ నీ గిన్నే దుప్పటీ బయటికి విసిరి తలుపేసుకుంది. మేం ఆడవాళ్ళం రోకళ్ళు పట్టుకుని వచ్చాం. ఆ చొక్కా చింపింది నేనే, నాకు ఇప్పటికీ బాధలేదు. ఒళ్ళు కూడా చింపేవాళ్ళమే. ప్రైమస్ వచ్చి నీకు అడ్డంగా నిలబడ్డాడు. నా రోకలి దెబ్బ వాడి భుజానికి తగిలింది. వాడేమన్నాడు? "ఆకలేసినోడు మనకి శత్రువు కాదక్కా. ఆకలి చూసి బేరానికి దిగినోడు శత్రువు." అని, నిన్ను ఇంటికి తీసుకెళ్ళి అన్నం పెట్టించాడు. నవంబరులో ఓటుకి నువ్వు ఎవరి వెనక నిలబడ్డావు మామా? ప్రైమస్ వెనకే. ఆ మాట మీ అందరికీ తెలుసు.

ఇక కాగితం సంగతి.

మన ఓటు మన పార్టీ అచ్చు వేయించిన చీటీ. దాన్ని మడిచి పెట్టెలో వేస్తాం. మనలో చదువు వచ్చినవాళ్ళు ఎందరు? రెండేళ్ళ కిందటి ఎన్నికలో ఏం చేశారో గుర్తుందా? మన చీటీలాగే బొమ్మవేసి, కింద వాళ్ళ పేర్లు అచ్చుకొట్టి, నవ్వుతూ మన ముసలివాళ్ళ చేతుల్లో పెట్టారు. పాపం, వాళ్ళు మనదే అనుకుని వేశారు. అందుకే ఈసారి ప్రైమస్ పట్టుబట్టాడు. మంచి దళసరి కాగితం కావాలన్నాడు. మీరంతా బియ్యం, కోడిగుడ్లు, చేపలు ఇచ్చి ఆ కాగితం తెప్పించారు. "చదవడం రానోడికి వేళ్ళు చదవాలి" అన్నాడు. ఈ చర్చిలోనే ముసలివాళ్ళని కూర్చోబెట్టి, కళ్ళు మూయించి, ఒక్కొక్కరి చేతికీ రెండు రకాల కాగితాలూ ఇచ్చి తడిమించాడు. మా పెదనాన్న గుడ్డివాడు. బొటనవేలితో ఒక్కసారి రుద్ది, "ఇది మనది" అని అరిచాడు. ఆ రోజు ఎంత నవ్వుకున్నాం!

ఓట్ల రోజు తెల్లారకముందే బయల్దేరాం. మగవాళ్ళు ముందు, ఆడవాళ్ళం పారలూ కర్రలూ పట్టుకుని వెనక. ఓట్లు నడిపించే అధికారి వాళ్ళ మేజర్ వెథర్‌బీయే, వాడి కొట్లోనే పెట్టె పెట్టారు. కొట్టు మెట్లు రాత్రికి రాత్రే పీకేశారు. చెక్కముక్కమీద ఎక్కాలి. ఎక్కేవాడి వీపులో చెప్పులు కుట్టే ఆరెతో పొడిచారు. గుర్రాల్ని వరసలోకి తోలారు. తలలమీదుగా పిస్తోళ్ళు పేల్చారు. ఇక్కడున్న మీలో ఎందరి వీపులమీద ఆ గాట్లున్నాయి? ప్రైమస్ ఒకటే చెప్పాడు: "ముందోడి నడుంపట్టీ పట్టుకోండి. పొడిస్తే అరవండి, తిట్టండి, కానీ పట్టీ వదలొద్దు." మీరు వదల్లేదు. వాడి చెవిమీద పిస్తోలు మడమతో కొట్టారు. చెవి సగం తెగి వేలాడింది. ఆ నెత్తుటితోనే చెక్క ఎక్కి ఓటేశాడు. అలా మూడు వందలమందికి పైగా వేశారు. ఆ రోజు మనం గెలిచామని నేను పాట అందుకున్నాను.

అయితే ఓటు వెయ్యడం ఒకటి, లెక్కపెట్టడం ఒకటి.

మన పార్టీ తరఫున లోపల కూర్చుని లెక్క చూసే హక్కు ప్రైమస్‌కి ఉంది. అమెరికా ప్రభుత్వం ఇచ్చిన హక్కు. చూశాడు. పెట్టె తెరిస్తే ఉల్లిపొర లాంటి పల్చటి చీటీలు కుప్పగా పడ్డాయి. వాళ్ళ మనిషి ఒక్కొక్కడు ఒక మడతలో పది పదిహేను దూర్చి వేశాడు. పెట్టె ఊపితే అవి విడిపోయాయి. ఓటేసిన మనుషులకంటే చీటీలు దాదాపు రెట్టింపు ఉన్నాయి. అప్పుడు చట్టం ఏమంటుంది? చీటీలన్నీ మళ్ళీ పెట్టెలో పోసి, ఒకడికి కళ్ళకి గంతలు కట్టి, ఎక్కువైనన్ని తీసి తగలబెట్టమంటుంది. గంతలు కట్టుకున్నవాడికి ఎవరిదేదో తెలియదు కాబట్టి న్యాయమట!

మేజర్ వెథర్‌బీయే గంతలు కట్టించుకున్నాడు. చెయ్యి పెట్టెలో పెట్టాడు. బొటనవేలితో రుద్దాడు. పల్చటిది తగిలితే వదిలేశాడు. దళసరిది తగిలితే పైకి తీశాడు. మా పెదనాన్న వేలికి తెలిసింది వాడి వేలికి తెలియదా? ఒక్కొక్కటే తీసి పొయ్యిలో వేయించాడు. మీరు వీపు చీల్చుకుని వేసిన ఓట్లు, నడుంపట్టీ వదలకుండా వేసిన ఓట్లు. పెట్టెకి కాపలా ఉండాల్సినవాళ్ళే! కంచే చేను మేసింది.

ప్రైమస్ ఏం చేశాడు? వాడు అరిచాడని కొందరంటారు. అరవలేదు. లేచి వెళ్ళి మండుతున్న పొయ్యిలో కుడి చెయ్యి పెట్టాడు. గుప్పెడు చీటీలు లాగాడు. అవి వాళ్ళు లాక్కున్నారు, కొట్టారు, పక్కటెముకలు విరగ్గొట్టి చెక్కమీద నుంచి కిందికి తోసేశారు. మా చేతుల్లోకి వచ్చిపడ్డప్పుడు వాడి అరచేతిలో తోలు లేదు. మన పేటలో మనకి పడ్డ ఓట్లు ముప్పై అని ప్రకటించారు.

ఆ రాత్రంతా బినా కాలిన చేతికి పందికొవ్వు రాస్తూ కూర్చుంది. వాడు నొప్పికి ఏడవలేదు. "అక్కా, నా కాగితమే మనల్ని పట్టిచ్చేసింది" అని ఏడ్చాడు. ఆ ఏడుపు నేను మర్చిపోలేను. మీలోనూ కొందరు ఆ మాట అంటున్నారు, నా చెవిన పడింది. పల్చటి కాగితమే వాడి ఉంటే బాగుండేదట. ఒరే, తాళం గట్టిదైందని దొంగని వదిలేసి తాళం చేసినవాణ్ణి తిడతారా? ఇంకోసారి ఆ మాట ఎవరి నోటైనా వింటే, రోకలి ఇంకా నా దగ్గరే ఉంది.

మన దక్షిణ కరోలినా నుంచి వాషింగ్టన్ కాంగ్రెసుకి ఐదుగురు వెళ్ళాలి. ఐదు నియోజకవర్గాలు. ఐదింటిలోనూ వాళ్ళే గెలిచారట. మన మనుషులు చెబుతున్నారు: ఒకచోట ఫిరంగి పెట్టారు, ఒకచోట పెట్టెని నది అవతలికి మార్చి పడవలు దాచేశారు, అన్నిచోట్లా ఆ ఉల్లిపొర కాగితమే. రాష్ట్రం మొత్తాన్నీ దోచారు. కానీ మన నియోజకవర్గం అభ్యర్థి ఊరుకోలేదు. ఈ గెలుపు చెల్లదని కాంగ్రెసులో ఫిర్యాదు పెట్టాడు. దానికి సాక్ష్యాలు రాసుకోవడానికి రేపు పొద్దున టౌనులో కమిషనరు కూర్చుంటాడు. మొదటి సాక్షి ప్రైమస్. "మాట నమ్మకపోతే చెయ్యి చూపిస్తా" అని వాడు ఈ చర్చి వాకిట్లోనే అన్నాడు. ఆ మాట రోడ్డు దాటి వెళ్ళింది. అందుకు నరికారు. అర్థమైందా? అందుకు!

సాక్ష్యం పోయిందని సంబరపడుతున్నారు వాళ్ళు. పోయిందా? వాళ్ళు రాసుకున్నది ముప్పై ఓట్లు. మనలో ముప్పై మంది వెళ్ళి, "నేను ఆ దళసరి చీటీ వేశాను" అని ప్రమాణం చేస్తే వాళ్ళ లెక్కకి ఏమీ కాదు. ముప్పై ఒకటోవాడు నోరు విప్పాడా, ఆ లెక్క అబద్ధమైపోతుంది. నేను మూడు వందలమందిని అడగడంలేదు. ఆ ముప్పై ఒకటోవాడు ఎవరని అడుగుతున్నాను. ప్రమాణానికి కుడి చెయ్యి ఎత్తమంటారు. ఎవరికి లేదు కుడి చెయ్యి, చెప్పండి? ప్రైమస్‌కి తప్ప ఎవరికి లేదు?

పొలం కౌలు పోతుందంటారు. పోతుంది. ఇల్లు తగలబెడతారంటారు. పెట్టొచ్చు. చంపుతారంటారు. మా తమ్ముణ్ణి చంపారు, చంపరని నేనెలా చెప్పను? నాకు ఓటు లేదు. ఉంటే మీ కాళ్ళు పట్టుకునేదాన్ని కాదు, నేనే ముందు నడిచేదాన్ని. ఆడవాళ్ళం రేపు మీ వెనక వస్తాం, ఓట్ల రోజు వచ్చినట్టే. ముందోడి నడుంపట్టీ పట్టుకోండి, అంతే.

ఇప్పుడు ప్రైమస్ కోసం లేచి నిలబడదాం. లేచిందెవరో కిటికీల్లోంచి చూసుకుంటారు, చూడనివ్వండి. భయమేసినవాళ్ళు కూర్చోవచ్చు, నేనేమీ అనను. అబద్ధం, అంటాను. అయినా కూర్చోవచ్చు.

లే, బినా. నా చెయ్యి పట్టుకో తల్లీ. పాస్టరు గారూ, మీరు కూడా. ఎవరూ పాడొద్దు, ఎవరూ ఆమెన్ అనొద్దు. పెదవి కదపొద్దు. ఈ మౌనం మా తమ్ముడికి మీరిచ్చే మర్యాద. కానీ ఈ కాసేపటికే. రేపు ఆ కమిషనరు ముందు కూడా ఎవడైనా ఇలాగే నోరుమూసుకుని నిలబడితే, వాడు నా తమ్ముణ్ణి రెండోసారి చంపినట్టు.

లేవండి.