డాక్టరు గారు చేయనన్న ఆపరేషన్

సభాధ్యక్షులు రామకోటేశ్వరరావు గారికి, ఇవాళ్టి పెళ్ళికొడుకు మన డాక్టర్ లక్ష్మీకాంత్ గారికి, ఆయన పక్కన కూర్చుని ఇంకా ఎంతమంది మాట్లాడతారో అని వాచీ చూసుకుంటున్న పద్మావతమ్మ గారికి (నవ్వులు), మీకంటే ముందే నాకు ఆకలేస్తోందమ్మా, తొందరగానే ముగిస్తాను, ఆసుపత్రి సిబ్బందికి, పెద్దలకి, మిత్రులకి అందరికీ నా ఆదాబ్, నమస్కారం.

నా పేరు షబ్బీర్. గవర్నరుపేటలో మాది కళ్ళజోళ్ళ షాపు. లేజరు పెట్టి జనం కళ్ళజోళ్ళు ఊడబీకే డాక్టరు గారి రిటైర్మెంటు సభలో కళ్ళజోళ్ళు అమ్ముకునేవాడి చేతికి మైకిచ్చారంటే, ఈ ఆలోచన ఎవరిదోగానీ వాళ్ళ ధైర్యానికి దణ్ణం పెట్టాలి. (నవ్వులు) ఇందాకట్నుంచి మాట్లాడినవాళ్ళంతా డాక్టరు గారు తమకి చేసిన ఆపరేషన్ గురించి చెప్పారు. నేను మాత్రం ఆయన చేయనన్న ఆపరేషన్ గురించి చెప్పి దిగిపోతాను.

ముందు ఆయన పద్ధతి ఒకటి చెప్పాలి. లేజరు చేయించుకుంటామని ఎవరొచ్చినా వెంటనే బల్ల ఎక్కించే అలవాటు ఈయనకి లేదు. సరైన పవరు రాసిచ్చి, కొత్త కళ్ళజోడు చేయించుకుని కొన్నాళ్ళు పెట్టుకోమనేవారు. ఆ పవరు అలాగే నిలబడితే అప్పుడు రమ్మనేవారు. అదుగో, రెండో వరసలో కూర్చున్నారే, కంకిపాడు హనుమయ్య గారు, వాళ్ళబ్బాయిని తీసుకుని ఆ చీటీతో మా షాపుకొచ్చి, "ఏవయ్యా, ఉన్న కళ్ళజోడు వదిలించుకుందామని వస్తే ఇంకోటి అంటగడతారేంటి, మీకూ ఆయనకీ ఏమన్నా లాలూచీ ఉందా?" అని నిలదీశారు. అంతేనా కాదా హనుమయ్య గారూ? (నవ్వులు) చూశారా, తల ఊపుతున్నారు. లాలూచీ ఉంటే మా షాపులో ఈపాటికి ఏసీ ఉండేదండీ, ఇంకా అదే ఫ్యాను తిరుగుతోంది.

సరే, అసలు సంగతి. మా అమ్మాయి జుబియాకి చిన్నప్పట్నుంచీ మైనస్ పవరు. కళ్ళజోళ్ళ షాపువాడి కూతురు గనక ఫ్రేములకి లోటు లేదు, కష్టానికీ లోటు లేదు. కంటికి సుర్మా, అదే మా కాటుక, పెట్టుకోవాలంటే కళ్ళజోడు తీయాలి, తీస్తే అద్దంలో కళ్ళు కనపడవు. ముక్కు అద్దానికి తగిలేదాకా వంగి, అంచనా మీద పెట్టుకునేది. చెంపంతా నల్లగా అయ్యేది. రెండువేల మూడులో గన్నవరం నుంచి మంచి సంబంధం వచ్చింది. అబ్బాయి పేరు ఇష్తియాక్, బుద్ధిమంతుడు. వాళ్ళు చూడ్డానికి వచ్చిన రోజు నేను ముందుగదిలో మగవాళ్ళతో కూర్చున్నాను. లోపల మా అమ్మ మెహబూబ్ బీ, మనవరాలి ముఖం మీంచి కళ్ళజోడు లాగేసి తన తమలపాకుల పెట్టెలో పడేసి మూత పెట్టేసింది. పిల్లకి ఎదురుగా ఉన్నది మనిషో బీరువానో తెలీదు. ఎక్కడ దేన్ని గుద్దుకుంటానోనని తల వంచుకుని అడుగులో అడుగేసుకుంటూ వచ్చి కూర్చుంది. పెళ్ళికొడుకు తల్లి మురిసిపోయి, "ఎంత అణకువండీ మీ అమ్మాయికి, తలెత్తి చూడనే లేదు!" అంది. (నవ్వులు) తలెత్తితే మాత్రం ఏం కనపడుతుందండీ?

నిఖా ఖాయమైంది. వాళ్ళు వెళ్ళాక గానీ కళ్ళజోడు సంగతి నాకు తెలీలేదు. తెలిశాక అమ్మని ఒక్క మాటంటే ఒట్టు, అనే ధైర్యం మా ఇంట్లో ఎవరికీ లేదు. పైపెచ్చు ఆవిడే ఆర్డరేసింది, నిఖా నాటికి పిల్ల ముఖం మీద కళ్ళజోడు ఉండకూడదని. అంతే, మర్నాడు ముగ్గురం డాక్టరు గారి ముందు కూర్చున్నాం.

ఆయన ఓపిగ్గా చెప్పారు. లేసిక్ అంటే కనుగుడ్డు మీద పల్చటి పొరని మూతలాగా పక్కకి తెరిచి, కింద లేజరుతో చెక్కి, మళ్ళీ ఆ మూత వేసేస్తారు, నొప్పి తక్కువ, మర్నాటికే చాలావరకు చూపు వస్తుంది. పీఆర్కే అంటే మూత తెరవడం ఉండదు, పైపొర తుడిచేసి ఆ మీదనే చెక్కుతారు, కొన్ని రోజులు మంట, చూపు కుదుటపడ్డానికి వారాలు పడుతుంది, కానీ కార్నియా, అంటే కనుగుడ్డు ముందుండే అద్దంలాంటి పొర, కాస్త పల్చగా ఉన్నవాళ్ళకి అదే మేలు. మా అమ్మ అంతా విని, "బాబూ, ఏది తొందరగా అయితే అది చేసెయ్యి" అంది. ఆయన నవ్వి, "అమ్మా, ఏ ఆపరేషన్ మంచిదని అందరూ అడుగుతారు. అది ఏ కంటికి మంచిదో కదా ముందు చూడాలి. పిల్ల పాత కళ్ళజోళ్ళు ఏమన్నా ఉన్నాయా?" అన్నారు.

ఉన్నాయా ఏంటండీ! మా అమ్మ ఏదీ పారెయ్యదు. జుబియా చిన్నప్పట్నుంచీ పెట్టుకున్న జతలన్నీ ఒక బిస్కెట్ డబ్బాలో ఉన్నాయి, కాడ విరిగినవీ, దారం కట్టినవీ. డాక్టరు గారు వాటిని వరసగా బల్ల మీద పేర్చి, ఒక్కొక్కటీ పవరు కొలిచే మిషను కింద పెట్టారు. మైనస్ పవరు కొన్నేళ్ళుగా ఎక్కడిదక్కడే ఉంది. కానీ సిలిండర్ పవరు, అంటే అడ్డంలో ఒకలా నిలువులో ఒకలా కనపడ్డాన్ని సరిచేసేది, ఒక్కో జతకీ పెరుగుతూ వస్తోంది, కుడికంటికి మరీనూ. ఆ జతలన్నీ నా చేత్తో చేసినవే. ఏ జతకి ఆ జత బాగానే ఉందనుకున్నానుగానీ, పక్కపక్కన పెట్టి చూడాలని నాకెప్పుడూ తోచలేదు.

అప్పుడు కార్నియాకి మ్యాపు తీయించారు. సిస్టర్ మార్త గారు, మీరే కదా తీసింది? ఆ కాగితం తీసుకొచ్చి ఇస్తూ మీరు నా ముఖం వైపు చూడలేదు, నాకప్పుడే అర్థమైంది. కుడికన్ను కార్నియా కింది భాగం పల్చబడి ముందుకి పొడుచుకొస్తోంది. డాక్టరు గారు, "షబ్బీర్ గారూ, ఈ కళ్ళకి లేసిక్ వద్దు, పీఆర్కే కూడా వద్దు. నానిన మట్టిగోడని ఇంకా చెక్కి పల్చన చేస్తామంటే ఒప్పుకుంటారా? లేజరు పెడితే ఉన్న చూపు కూడా పోయే ప్రమాదం ఉంది" అన్నారు.

మా అమ్మ ఏడ్చింది. ఇంకో ఊళ్ళో ఆదివారం వెళ్తే సోమవారానికి చేసి పంపించేస్తున్నారని ఎవరో చెవినేస్తే, బండి మాట్లాడమంది. నేను మాట్లాడేవాణ్ణేమో కూడా. ఆ సాయంత్రం డాక్టరు గారు ఆసుపత్రి నుంచి నేరుగా మా షాపుకొచ్చి, బేరానికొచ్చినవాళ్ళు కూర్చునే స్టూలు మీద కూర్చున్నారు. "నా మాట మీద నమ్మకం లేకపోతే ఇంకో డాక్టరుకి చూపించండి, మ్యాపు ఇదుగో. కానీ ఎవరినీ ఆ కంటి మీద చెయ్యి వెయ్యనివ్వకండి. ఆరునెలలకోసారి నా దగ్గరికి పంపండి, గట్టి కాంటాక్ట్ లెన్స్ పెడదాం, కళ్ళు నలుపుకోవద్దని చెప్పండి. సంబంధం పోతే ఇంకోటి వస్తుందండీ" అన్నారు. సగం ఊరికి కళ్ళు చూసే మనిషి నా కూతురి కోసం నా ముందు కూర్చుని బతిమాలుతున్నాడు. నేను టీ అయినా తెప్పించలేదు. క్షమించాలి సార్, ఆ టీ ఇవాళ తాగుదురుగాని. (నవ్వులు)

బండి మానేశాం. కానీ గన్నవరంవాళ్ళకి చెప్పేదెవరు? ఇంట్లో పెద్దవాళ్ళమంతా ఒకరి ముఖం ఒకరు చూసుకుంటుంటే, మా జుబియా కళ్ళజోడు పెట్టుకుని, "పదండి అబ్బాజాన్" అని నన్ను బస్సెక్కించింది. ఆ ఇంట్లో పెళ్ళికొడుకు తల్లి తలుపు తీసి, కళ్ళజోడు చూసి, ఇదేంటన్నట్టు నిలబడిపోయింది. మా అమ్మాయి, "ఆ రోజు మీరెవరూ నాకు కనపడలేదండీ, ఇవాళ చూసి పోదామని వచ్చాను" అంది. (నవ్వులు, చప్పట్లు) తర్వాత కంటి సంగతంతా తనే చెప్పింది. ఆవిడ అంతా విని, "చూశావుగా, మరి మేం నచ్చామా?" అంది. నచ్చారు కాబట్టే ఇవాళ అల్లుడు ఇష్తియాక్ ఆ వెనక కూర్చున్నాడు.

పెళ్ళయిందిగానీ భయం పోలేదండీ. ఆరునెలలకోసారి ఆ మ్యాపు చూసే రోజు నేను అన్నం తినేవాణ్ణి కాదు. ఒకసారి పెరిగిందనేవారు, ఒకసారి కొంచెమే అనేవారు. గట్టి లెన్సులకి అలవాటు పడ్డానికి పిల్ల ఎన్ని కన్నీళ్ళు కార్చిందో మా ఇంటిల్లిపాదికీ తెలుసు. మొన్న వెళ్ళినప్పుడు డాక్టరు గారు పాతవీ కొత్తవీ మ్యాపులు ముందేసుకుని చాలాసేపు చూసి, "రెండేళ్ళుగా కదల్లేదు షబ్బీర్ గారూ. నిలబడింది. ఇక మీరు అన్నం తినండి" అన్నారు. ఆయన అది నవ్వుతూ అన్నారుగానీ నేను ఆ గదిలోనే ఏడ్చేశాను. ఇన్నేళ్ళుగా గుండెల మీద ఉన్న బండరాయి దిగిపోయింది.

చేసిన ఆపరేషన్లకి లెక్క ఉంటుంది, ఫొటోలుంటాయి. వద్దని ఆపినవాటికి ఏమీ ఉండవు. అందుకే ఈ ఒక్కటి నలుగురి ముందూ చెప్పాలనిపించింది. సార్, నా బిడ్డ కళ్ళు మీరు నిలబెట్టారు. మీరూ, పద్మావతమ్మ గారూ హాయిగా ఉండాలి.

ఇవాళ ఇక్కడికి ఆటోలో వద్దామనుకున్నాను. జుబియా వినలేదు, స్కూటీ వెనక నన్ను ఎక్కించుకుని బందరు రోడ్డు మీద తనే తోలుకొచ్చింది. బెంజి సర్కిల్ దగ్గర ఒక లారీవాడు సిగ్నల్ పడ్డా ఆగకుండా మా మీదకొచ్చేశాడు. మా అమ్మాయి బ్రేకు కొట్టి, రోడ్డు మధ్యలో నిలబడి, నలుగురూ తిరిగి చూసేలా అరిచింది వాడి మీద, "ఏవయ్యా, కళ్ళు కనపడటంలా?" అని. లారీవాడు తిట్టుకుంటూ పోయాడు. వెనక సీటులో నేను మాత్రం, ఆ మాట మా జుబియా నోట విన్నందుకు అల్లాకి షుక్రియా చెప్పుకుంటూ కూర్చున్నాను.

ఇంతసేపు ఓపిగ్గా విన్న మీ అందరికీ కృతజ్ఞతలు. భోజనాలు చల్లారకముందే నాకు సెలవిప్పించండి, సెలవు.